గేటుకీ చక్రానికీ మధ్య

మా ఆయన క్యారవాన్ కొందామన్న రోజున నేను అడిగింది ఒక్కటే. "ఇంటికి తెచ్చి ఎక్కడ పెడతారండీ?"

"సైడుకు జాగ ఉంది గద," అన్నారు.

ఆయనది కరీంనగర్ వైపు, నాది కోనసీమ. సిడ్నీ వచ్చి పదిహేనేళ్ళు దాటినా ఆయన మాట ఆయనదే, నా మాట నాదే. ద పాండ్స్ అనే పేటలో మా ఇల్లు వీధికి పల్లపు వైపున ఉంది. రోడ్డు దగ్గర మొదలైన డ్రైవ్‌వే ఇంటి వైపు కిందికి దిగుతుంది. గ్యారేజీ గోడకూ పక్కింటి రేకు కంచెకూ నడుమ ఒక సందు. సందు చివర పెరట్లోకి వెళ్ళే ఇనప గేటు. ఆయన టేపు పెట్టి ఆ సందును మూడుసార్లు కొలిచారు. వెడల్పు మూడు మీటర్లు. క్యారవాన్ వెడల్పు రెండున్నర.

"అటు జానెడు, ఇటు జానెడు మిగుల్తది. మస్తు సరిపోతది," అన్నారు.

ఆయన లెక్కలో తప్పు లేదు. ఆ జానెడులో మనిషి పట్టదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు.

అమ్మాయి యూనివర్సిటీ చదువుకని వేరే ఊరు వెళ్ళిపోయిన ఏడాది అది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయినట్టుండేది. ఆయన ఇంట్లోనే ఓ గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవారు. నేను ఒక పాథాలజీ సెంటర్లో రక్తం తీసే ఉద్యోగానికి పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేదాన్ని. సాయంత్రం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చెరో ఫోను చూసుకునేవాళ్ళం. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నాం, ఏం చూశాం అని ఆయనకు దిగులు పట్టుకుంది. ఆ దిగుల్లోంచే ఈ క్యారవాన్ వచ్చింది. ఇరవై అడుగుల పొడవు, రెండున్నర టన్నుల బరువు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, మనిషి తిరగడానికి కూడా చోటు లేని బాత్రూము. వెనక బంపరు మీద నిలబెట్టి బిగించిన స్పేర్ చక్రం.

మొదట్లో దాన్ని వీధిలోనే, మా ఇంటి ముందు పెట్టాం. వారం తిరక్కుండానే లెటర్‌బాక్సులో ఎవరో చీటీ వేశారు. దీనివల్ల మలుపు దగ్గర ఎదురుగా వచ్చే కార్లు కనబడటం లేదు, దయచేసి తీయండి అని. ఆయన ముఖం ముడుచుకున్నారు. "ట్రిప్పు నించి రాంగనే లోపల పెట్టేద్దాం," అన్నారు.

మొదటి ట్రిప్పు దక్షిణం వైపు సముద్రతీరానికి, మూడు రోజులు. అక్కడి క్యారవాన్ పార్కులో మాకిచ్చిన చోటు ఇటునుంచి దూరి అటునుంచి బయటికొచ్చేది కాబట్టి వెనక్కి నడిపే పనే పడలేదు. ఆ మూడు రోజులూ బాగా గడిచాయి. పొద్దున్నే గడ్డి మీద కుర్చీలు వేసుకుని ఉప్మా తింటూ, ఎన్నాళ్ళ నుంచో చెప్పుకోని విషయాలు చెప్పుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి తిరిగి ఇంటికొచ్చాం.

క్యారవాన్ని కారుతో వెనక్కి నెట్టడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. స్టీరింగ్ ఇటు తిప్పితే అది అటు పోతుంది. అది ఎటు పోతోందో అర్థమయ్యేలోపు కారూ అదీ కలిసి కత్తెరలా వంగిపోతాయి. మళ్ళీ ముందుకు లాగి మొదట్నించీ చెయ్యాలి. నేను డ్రైవ్‌వే పక్కన నిలబడి చేతులు ఊపుతుంటే ఆయనకి అద్దంలో కనబడేది కాదు, అరిస్తే వినబడేది కాదు. నాలుగుసార్లు ప్రయత్నించాం. రెండు కార్లు మా కోసం ఆగిపోయాయి. ఆయన మెడ మీద చెమట కారుతోంది. ఎదురింటి అంకుల్ తమ మెట్ల మీద కూర్చుని ఇటే చూస్తున్నారు. ఆయన ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. అప్పటిదాకా మాకు హలో అనుకునే పరిచయమే.

అప్పుడు నేనే ఒక ఉపాయం చెప్పాను. ఇది నేను ఎప్పటికీ మర్చిపోలేను, ఉపాయం నాదే. "ఫోన్ చేస్తాను. కారు స్పీకర్లో నా మాట వినబడుతుంది. నేను సందులో నిలబడి ఎంత చోటుందో చెప్తుంటాను, మీరు నా మాట ప్రకారం రండి."

సందులోకి వెళ్ళాను. గోడకు బిగించిన వేడినీళ్ళ పెట్టె జానెడు ముందుకు పొడుచుకుని ఉంది. దానికి తగలకుండా చూడటమే నా పని అనుకున్నాను. ఐదోసారి క్యారవాన్ తిన్నగా తిరిగింది. దాని తెల్లటి వెనక గోడ సందు నోట్లోకి వచ్చింది, వెలుతురు తగ్గింది.

"రండి... రండి... కొంచెం కంచె వైపు... ఆఁ, అలాగే. రండి."

నేను వెనక్కి అడుగులేస్తూ, కళ్ళు మాత్రం ఆ వేడినీళ్ళ పెట్టె మీదే పెట్టి మాట్లాడుతున్నాను. క్యారవాన్ మూల దానికి రెండు వేళ్ళ దూరంలో దాటింది. అమ్మయ్య అనుకున్నాను. "బాగా వస్తోంది, రండి రండి," అన్నాను.

అప్పుడు నా వీపుకు గేటు తగిలింది.

ఆ గేటు గొళ్ళెం పెరటి వైపు ఉంటుంది. ఊరెళ్ళేముందు దొంగల భయంతో నేనే లోపల్నించి వేశాను. బండి మొత్తం పట్టాలంటే ముందు ఆ గేటు తీయాలని ఇద్దరికీ గుర్తు రాలేదు. నాకు ఎడమ పక్క రెండు చెత్త డబ్బాలు, కుడి పక్క ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైల్స్ దొంతర. ఎదురుగా క్యారవాన్. దానికీ గోడకూ మధ్య జానెడు, దానికీ కంచెకూ మధ్య జానెడు.

"చాలండీ, ఆపండి," అన్నాను.

ఫోన్లో జవాబు లేదు. టుక్, టుక్ మని చిన్న చప్పుడు వస్తోంది. నన్ను హోల్డ్‌లో పెట్టారని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత తెలిసింది, ఆదివారమైనా సరిగ్గా అప్పుడే ఆఫీసు నుంచి ఎవరో చేశారట. ఆ కాల్ కట్ చేయబోయి కారు స్క్రీన్ మీద పక్క బొమ్మ నొక్కారట. అవతలివాళ్ళతో మళ్ళీ చేస్తానని చెబుతున్నారు. కాలు బ్రేకు మీద సగమే ఉంది. వాలు కదా, బండి దానంతటదే దిగుతోంది. ఆయన చెవుల్లో పడిన నా ఆఖరి మాట "రండి రండి".

"ఏమండీ! ఆపండి! ఆపండి!"

పెద్ద వేగమేం కాదు. పసిపిల్ల పాకే వేగం. వేగంగా వచ్చి ఉంటే ఏదో ఒకటి అయిపోయేది. అది మెల్లగా వస్తుంటే అన్నీ కనబడుతున్నాయి. స్పేర్ చక్రం మీద నల్ల తొడుగు, దాని మీద ఎండిన పురుగులు, తొడుగు అంచున ఊడిన దారం. కిందికి వంగుదామనుకున్నాను, మోకాళ్ళు మడవడానికి చోటు లేదు. గేటెక్కుదామనుకున్నాను, కాలు పెట్టడానికి పట్టు లేదు. రెండు చేతులూ చక్రానికి ఆనించి నెట్టాను. రెండున్నర టన్నులని తెలుసు. అయినా నెట్టాను. మోచేతులు వాటంతటవే మడుచుకుపోయాయి.

ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని "మీరు" అన్న నోటితోనే "ఆపు! ఆపరా! ఆపు!" అని అరిచాను. చెత్త డబ్బా ఒకటి కరకరమని నలిగింది. చక్రం నా పొట్టకు తగిలి, తర్వాత రొమ్ము కింది ఎముకలకు ఆనింది. ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఊపిరి బయటికి పోయింది, లోపలికి రాలేదు.

అదే సమయంలో ముందు వైపు ధబ ధబమని రేకు మీద బాదుతున్న చప్పుడు, ఒక ముసలి గొంతు. "స్టాప్! స్టాప్! అమ్మ లోపల! అమ్మ లోపల!"

బండి ఆగింది.

ఆగిన తర్వాతే నాకు అసలైన భయం పట్టుకుంది. అప్పటిదాకా ఏం చెయ్యాలా అని వెతుక్కుంటున్నాను. ఇప్పుడు చెయ్యడానికేమీ లేదు. చక్రం నా ఒంటికి ఆనే ఉంది. గుక్కెడు గాలి తీసుకోవడానికి మాత్రం చోటుంది. కారు తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. మా ఆయన నన్ను పిలుస్తున్నారు, గొంతు ఆయన గొంతులా లేదు.

"ఉన్నాను," అన్నాను. అది ఆయనకు వినబడేంత గట్టిగా రాలేదనుకుంటాను. మళ్ళీ అన్నాను. "ఉన్నానండీ. బండి ముందుకు తీయండి."

"నో, నో!" అంకుల్ గొంతు. "ముందుకి వద్దు. బ్రేక్ వదిల్తే ఫస్ట్ వెనక్కి జారుతుంది. ఒక ఇంచ్ జారినా చాలు. హ్యాండ్‌బ్రేక్ లాగు. కారు ఆఫ్ చెయ్యి. చక్రాల కింద పెట్టేవి ఎక్కడున్నయ్?"

ఒక ఇంచ్. ఆ మాట విన్నాక నా కాళ్ళలో సత్తువ పోయింది. కానీ పడిపోవడానికి కూడా చోటు లేదు.

చక్రాలు జారకుండా అడ్డం పెట్టే పచ్చ ప్లాస్టిక్ దిమ్మలు కారు డిక్కీలో ఉన్నాయి. అంకుల్ వాటిని తెచ్చి, పక్కన జానెడు సందులోంచి చెయ్యి చాపి క్యారవాన్ చక్రాల వెనక దూర్చి, కాలితో తన్ని బిగించారు. ఆ ఒక్కొక్క తన్నూ నా ఎముకల్లో తెలిసింది. మా ఆయన ఇంటి తాళాల కోసం వెతుకుతున్నారు. తాళాలు నా చేతిసంచీలో ఉన్నాయి. సంచీ కారు ముందు సీటు కింద పడి ఉంది. "పచ్చ సంచీ, సీటు కింద," అని చెప్పడానికి రెండుసార్లు ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది. ఆయన ఇంట్లోకి పరిగెత్తారు. హాలు, వంటిల్లు, వెనక తలుపు, పెరడు చుట్టి గేటు దగ్గరికి రావాలి.

అంకుల్ కదల్లేదు. నేల మీద బోర్లా పడుకుని క్యారవాన్ కిందనుంచి చూశారట. "నీ చెప్పులు కనపడుతున్నయ్, బేటీ. బ్లూ చెప్పులు. నేను ఇక్కడే ఉన్నా. చిన్న ఊపిరి తీసుకో, చిన్న చిన్నవి."

రోజూ నా దగ్గరికి సూదంటే భయపడేవాళ్ళు వస్తారు. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి, అటు చూడండి, అయిపోతుంది అని చెప్పడం నాకు అలవాటు. ఆ మాటలు అవతలివాళ్ళకు ఎంత దూరంగా వినబడతాయో ఆ రోజు తెలిసింది. కానీ ఆ గొంతు ఆగితే మాత్రం నేను అరిచేసి ఉండేదాన్ని.

వెనక గేటు అవతల పరుగు చప్పుడు. ఆయన గొళ్ళెం లాగారు. రాలేదు. మళ్ళీ లాగారు.

"వస్తలేదు! నీ బరువంత గేటు మీదుంది. గొళ్ళెం పట్టేసింది. జర ముందుకు జరుగు!"

ముందుకు జరగడమంటే ఆ చక్రానికి ఇంకా దగ్గరవడం. ఒళ్ళంతా వద్దంటోంది. వీపును గేటు మీంచి తీస్తే బండి కూడా వచ్చేస్తుందనిపించింది. అలా అవదని తెలుసు, తెలిసినా ఒళ్ళు వినడం లేదు.

"నా వల్ల కాదు," అన్నాను.

"ఒక్కసారి. ఒక్క నిమిషం గూడ వద్దు. నేను మూడు లెక్కపెడ్త. ఒకటి... రెండు..."

మూడన్నప్పుడు చక్రాన్ని కావలించుకున్నాను. రబ్బరు వాసన, మట్టి వాసన ముక్కులోకి పోయాయి. ఎముకలు కలుక్కుమన్నాయి. వెనక గొళ్ళెం టప్పున ఊడింది, గేటు తెరుచుకుంది. నేను వెల్లకిలా పెరట్లో పడ్డాను. ఆయన నన్ను రెండు చంకల కింద పట్టుకుని గడ్డి మీదకు, ఇంకా వెనక్కి, బట్టలారేసే తీగ దాకా ఈడ్చుకుపోయారు. అంత దూరం ఎందుకు లాగారో అడిగితే ఆయనకీ తెలియదు.

డాక్టరు చూసి ఎముకలేం విరగలేదన్నారు. పక్కటెముకల మీద అరచేతి వెడల్పున కమిలిన మచ్చ రెండు వారాలుంది. అమ్మాయికి వీడియో కాల్లో చెబితే, తెలుగులో విని ఇంగ్లీషులో ఏడ్చింది. "మమ్, యూ కుడ్ హావ్ డైడ్. ప్లీజ్ సెల్ దట్ థింగ్."

ఆ ఆదివారం సాయంత్రమే మేమిద్దరం పోట్లాడుకున్నాం కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ జరిగింది అదే.

"నువ్వు రమ్మన్నవు గద," అన్నారు ఆయన, టీ కప్పు వైపు చూస్తూ.

"ఆపమన్నాను. పదిసార్లు ఆపమన్నాను."

"నాకు వినపడలే."

"వినబడకపోతే ఆగాలి కదండీ. వినబడకపోతే రమ్మన్నట్టా?"

ఆయన లేచి వెళ్ళి ఆ గేటును మడత బందులతో సహా ఊడదీసి కంచెకు ఆనించి పెట్టారు. చీకటి పడేదాకా స్క్రూడ్రైవర్ చప్పుడు వినబడుతూనే ఉంది.

కారును విడదీశాం గానీ క్యారవాన్ మాత్రం అలాగే సగం సందులో, సగం డ్రైవ్‌వేలో ఉండిపోయింది. దాన్ని కదపడానికి ఇద్దరికీ ధైర్యం లేదు. నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను. చెత్త డబ్బాలు ఆయనే చూసుకున్నారు. షాపింగ్ సెంటర్ కార్ పార్కులో ఏదైనా వ్యాను బీప్ బీప్ మంటూ వెనక్కి వస్తుంటే నేను స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడేదాన్ని. ఒకరోజు పనిలో ఒకాయనకి సూది గుచ్చబోతుంటే బయట డెలివరీ లారీ ఆ చప్పుడు మొదలుపెట్టింది. సూది కింద పెట్టేసి, క్షమించండి, ఒక్క నిమిషం అని బయటికి వెళ్ళిపోయాను. 

ఆయన క్యారవాన్ అమ్మకానికి పెట్టారు. ఒక శనివారం ఒక జంట చూడటానికి వచ్చారు. భర్త ముందు వైపు మా ఆయనతో మాట్లాడుతుంటే, భార్య వెనక ఎలా ఉందో చూద్దామని పెరటి వైపు నుంచి సందులోకి వెళ్ళింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. బండికి కారు కట్టి లేదు. చక్రాల కింద దిమ్మలున్నాయి. గేటు కూడా లేదు. అయినా నేను బయటికి పరిగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుని గుంజాను. "కమౌట్, కమౌట్!" అని అరిచాను. వాళ్ళు బిత్తరపోయి, మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు. రాలేదు.

ఆ రోజు నేను మా ఆయనతో అన్నాను. "ఇది అమ్మేసినా ఈ సందు ఇక్కడే ఉంటుంది. నేను ఇలాగే ఉంటాను. వెనక నిలబడటం ఇక నా వల్ల కాదు. మీరు నడుపుతుంటే పక్కన నిలబడి చూడటమూ నా వల్ల కాదు. నేనే నడుపుతాను."

"నువ్వా?"

"నేనే. ఎదురింటి అంకుల్ని అడుగుదాం."

అంకుల్ ఫిజీలో చెరకు లారీలు నడిపి, ఇక్కడికొచ్చాక రిటైరయ్యేదాకా బస్సులు నడిపారు. ఆయన తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నదట. మధ్యలో హిందీ, ఇంగ్లీషు పడతాయి. ఆయన వచ్చి క్యారవాన్‌ని ముందు నుంచీ పెరటి వైపు నుంచీ ఒకసారి చూశారు. మా ఆయన కారు కట్టి దాన్ని వీధిలోకి లాగుతున్నంతసేపూ నేను ఎదురింటి మెట్ల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాను. వారం మధ్యలో పొద్దున్న పూట ఖాళీగా ఉండే ఆటమైదానం కార్ పార్కుకి వెళ్ళాం. అంకుల్ నారింజ రంగు ట్రాఫిక్ కోన్లు పెట్టి మా సందంత వెడల్పు గీశారు.

"స్టీరింగ్ పైన పట్టుకోవద్దు. కింద పట్టుకో. వెనక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతే. తొందర వద్దు. డౌట్ వస్తే ఆపు, దిగు, చూడు. వందసార్లు దిగినా ఎవ్వరూ నవ్వరు. నవ్వితే నవ్వనీ."

మొదటి రోజు నేను గేరు రివర్స్‌లో వేయడానికే పది నిమిషాలు తీసుకున్నాను. వెనక ఎవరూ లేరని తెలుసు. మా ఆయన దూరంగా గడ్డి మీద నిలబడి ఉన్నారు. అయినా కాలు బ్రేకు మీంచి లేవదు. చివరికి బండి కదిలింది, కదిలి ఒక కోను మీదకు ఎక్కింది. ప్లాస్టిక్ నలిగిన చప్పుడు వినబడింది. దిగి చూస్తే కోను చక్రం కింద చదునై పడి ఉంది. నేను పక్కకు వెళ్ళి కక్కుకున్నాను.

అంకుల్ నీళ్ళ సీసా ఇచ్చారు. నేను కడుక్కునేదాకా ఆగి చెప్పారు. "ఫిజీలో నేను చిన్నోణ్ణి అప్పుడు. మిల్లు దగ్గర లారీ వెనక్కి తీసిన. అద్దంలో చూసిన, ఎవ్వరు లేరు. దిగి చూడలే. ఒక మనిషి ఉన్నడు. కాలు పోయింది అతనిది. అందుకే ఆ రోజు మీరు తిప్పుతా ఉంటే నేను కారు చూడలే, సందు చూసిన. నువ్వు లోపలికి పోయినవు, బయటికి రాలే."

 ఆయన ఆ నలిగిన కోనును చేత్తో లాగి సరిచేసి మళ్ళీ అక్కడే పెట్టారు. "ఎక్కు," అన్నారు.

అలా ఆరుసార్లు వెళ్ళాం. అన్నాళ్ళూ బండిని మలుపుకు దూరంగా వీధిలోనే పెట్టాం. ఆరోసారికి కోన్లు తగలకుండా పెట్టగలిగాను. ఏడోసారి మా సందులోనే.

ఆ రోజు ఫోన్లు రెండూ వంటింట్లో వదిలేశాం. పక్కింటివాళ్ళకు ముందే చెప్పాం. అంకుల్ పెరట్లో, గేటు లేని ఖాళీకి చాలా దూరంలో నిలబడ్డారు. మా ఆయన నా వైపు, అద్దంలో కనబడేలా డ్రైవ్‌వే అంచున. ఒప్పందం ఒక్కటే. ఆయన నాకు కనబడాలి. కనబడకపోతే నేను ఆగుతాను.

క్యారవాన్ వెనక భాగం తిన్నగా తిరిగింది. చెయ్యి కింద, మెల్లగా. అద్దంలో ఆయన చొక్కా, ఊపుతున్న చెయ్యి. మూల వేడినీళ్ళ పెట్టె దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం దాని వైపు చూశాను. మళ్ళీ అద్దంలోకి చూస్తే ఆయన లేరు.

బ్రేకు తొక్కాను. రెండు కాళ్ళతో తొక్కాను. హ్యాండ్‌బ్రేక్ లాగాను. పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు నాకు, కానీ ఆయన పేరే పెట్టి అరిచాను. తలుపు తీసుకుని దిగాను.  క్యారవాన్ పక్కన వంగి ఆయన, చేతిలో నీళ్ళ పైపు.

"ఇది చక్రం కిందికి వస్తదని తీసిన," అన్నారు.

"చెప్పి వంగకూడదూ! కనబడకుండా పోతారా! కనబడకుండా పోతే నేనేం అనుకోవాలి!" అని ఆయన గుండెల మీద చేత్తో కొట్టాను. తర్వాత అక్కడే డ్రైవ్‌వే మీద కూలబడ్డాను. ఆయన పైపు పారేసి నా పక్కన కూర్చున్నారు.  ఆ పోట్లాట తర్వాత అన్ని వారాల్లో మొదటిసారి ఆ ఆదివారం గురించి ఆయన నోరు విప్పారు.

"అంకుల్ వచ్చి కారును గుద్దిండు గద. అప్పటి నించి నువ్వు ఉన్నానన్నదాక... నువ్వున్నవో లేవో నాకు తెల్వదు. తలుపు తీసిన గని కాలు కింద పెట్టబుద్ది కాలే. దిగితే తెలుస్తది గద. నువ్వు నన్ను అరేయ్ ఒరేయ్ అన్నవంట, అంకుల్ చెప్పిండు. నాకు అది గూడ వినపడలే. అది వినపడ్డా బాగుండు అనిపిస్తది."

ఆయన భయం గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తోచింది. నా మచ్చ చూపించాను, నా భయం చూపించాను. ఆయనకి చూపించుకోవడానికి ఏమీ లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అది నా చేతికన్నా చల్లగా ఉంది.

పెరట్లోంచి అంకుల్ కేకేశారు. "ఏమైంది? టీ తాగుతున్నరా అక్కడ?"

లేచి మళ్ళీ ఎక్కాను. నలభై నిమిషాలు పట్టింది. పదకొండుసార్లు దిగి చూశాను. ఒకసారి కంచెకు గీసుకుని రేకు మీద మూరెడు గీత పడింది. చివరికి వెనక సగం పెరట్లోకి పోయి, క్యారవాన్ ముందు కొస కూడా సందులోకి వచ్చింది. అంకుల్ రెండు చేతులూ పైకెత్తారు. ఇంజను ఆపాక కూడా చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు నేను. వేళ్ళు రాలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. క్యారవాన్ అమ్మలేదు. నాలుగు ట్రిప్పులు వెళ్ళాం. హైవే మీద ఆయన నడుపుతారు, వెనక్కి తీయవలసినప్పుడల్లా నేను. క్యారవాన్ పార్కుల్లో సాయంత్రం పూట కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు, కొత్తగా వచ్చేవాళ్ళు ఎలా తిప్పుకుంటారో సరదాగా చూస్తుంటారు. ఒక ఆడమనిషి నడపడం చూసి ఇంకా ఉత్సాహంగా చూస్తారు. నేను దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళి, దయచేసి లేచి ఆ పక్కకు రండి, మీరు వెనకుంటే నేను బండి కదపను అని చెప్తాను. కొందరు నవ్వుతారు. లేచేదాకా నిలబడతాను.

పోయిన నెల నాలుగో ట్రిప్పు నుంచి వచ్చి వానలో సందులో పెట్టాను. దిగి ఎప్పట్లాగే మళ్ళీ ఒకసారి సందులోకి తొంగి చూశాను. అంకుల్ గొడుగేసుకుని వచ్చి, "భయం తగ్గిందా?" అని అడిగారు.

"లేదంకుల్."

"నాకు కూడా తగ్గలే," అన్నారు ఆయన. దిమ్మలు సరిగ్గా ఉన్నాయో లేదో కాలితో తన్ని చూసి వాళ్ళింటికి వెళ్ళిపోయారు.

మేమిద్దరం క్యారవాన్ ఫ్రిజ్ ఖాళీ చేసి, మిగిలిన పెరుగూ నిమ్మకాయలూ లోపలికి తెచ్చుకున్నాం. ఆయన అన్నం పెట్టారు. నేను తడి బట్టలు మార్చుకున్నాను.